వేడెక్కితే స్టార్ట్ కాని లాన్ మోవర్: అపోహలు - వాస్తవాలు

కత్తిరి ఎండలు మొదలైతే తిరుపతిలో నా మోవర్ రిపేర్ షాపుకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. "పొద్దున ఒక్క లాగుకే స్టార్టయింది సామీ. గంట గడ్డి కోసి, నీళ్లు తాగుదామని ఆపితే మళ్లీ ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు." మిషన్‌ను చంద్రగిరి నుంచి ఆటోలో వేసుకొస్తారు. నేను తాడు లాగితే ఒక్క లాగుకే స్టార్ట్! తెచ్చినాయన మొహం అప్పుడు చూడలేం. పాపం, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. దారిలో ఇంజన్ చల్లబడింది, దాంతోపాటే లోపమూ దాక్కుంది. దాన్ని వేడి మీదే పట్టుకోవాలి.

అపోహ: వేడికి స్టార్ట్ కాలేదంటే కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం) పోయినట్టే.

గంటసేపు ఆగకుండా కోసిందంటే పెట్రోలు బాగానే అందుతున్నట్టు. దాని జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో) చెత్త ఉంటే పొద్దున్నే పేచీ పెట్టేది. అయినా అందరి చెయ్యీ ముందు కార్బ్యురేటర్ మీదికే పోతుంది. విప్పడం తేలిక కదా!

నేనూ అంతే. ఒక కల్యాణ మండపం వాళ్ల మోవర్‌కు మూడుసార్లు కార్బ్యురేటర్ కడిగాను. నాలుగోసారి "మిషన్ తేవద్దు, నేనే వస్తా" అని మధ్యాహ్నం ఎండలో వెళ్లాను. తోటమాలి చేత నలభై నిమిషాలు కోయించి ఆపించాను. వెంటనే ప్లగ్ క్యాప్‌కు స్పార్క్ టెస్టర్ తగిలించి తాడు లాగితే టెస్టర్‌లో వెలుగే లేదు. అరగంట వేపచెట్టు కింద కూర్చుని మళ్లీ లాగితే టపటపమని నీలం స్పార్క్. పోయింది ఇగ్నిషన్ కాయిల్, అంటే ప్లగ్‌కు స్పార్క్ పుట్టించే భాగం!

కాయిల్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. వేడికి వ్యాకోచించి ఎక్కడో తెగిన చోట విడిపోతుంది, చల్లబడితే మళ్లీ ఆనుకుంటుంది. అందుకే చల్లని ఇంజన్ మీద స్పార్క్ చూసి "కాయిల్ బాగుంది" అనే మాటను నేను నమ్మను. కొత్తది కొనేముందు మాత్రం ఇంజన్ ఆపే స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే వైరు తీసి, ఇంకోసారి టెస్టర్‌తో చూడండి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతున్నా స్పార్క్ రాదు. చూశాక తిరిగి తగిలించడం మరవొద్దు, లేకపోతే ఇంజన్‌ను ఆపలేరు. కాయిల్‌కు, ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం) అయస్కాంతానికి మధ్య సందు చాలా ఇంజన్లలో 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు. విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సరిపోతుంది.

అపోహ: స్టార్ట్ కాకపోతే చోక్ (గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపే మీట) వేసి లాగుతూనే ఉండాలి.

ఇంజన్ ఆపగానే అన్నీ చల్లబడతాయి అనుకుంటాం. కార్బ్యురేటర్ మాత్రం ఆపాకే ఇంకా వేడెక్కుతుంది. ఫ్యాన్ గాలి ఆగిపోయి, సిలిండర్ వేడి మెల్లగా దానికి పాకుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇక మే నెల తిరుపతి గురించి చెప్పేదేముంది? కార్బ్యురేటర్ అడుగున గిన్నెలాంటి బౌల్‌లోని పెట్రోలు పొంగి ఇంజన్‌లోకి దిగుతుంది. దాని మీద చోక్ కూడా వేస్తే ప్లగ్ తడిసి ముద్ద. స్టార్ట్ చేసే ముందు పెట్రోలు పంపే రబ్బరు ప్రైమర్ బల్బు నొక్కినా ఇదే కథ.

చోక్ పూర్తిగా తీసేయండి. యాక్సిలరేటర్ లీవర్ ఉంటే ఫుల్లుగా పెట్టి ఐదారు లాగులు లాగండి. కాకపోతే ప్లగ్ తీసి చూడండి, చెయ్యి కాలుతుంది జాగ్రత్త. తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టండి. ప్లగ్ రంధ్రం దగ్గర స్పార్క్ పరీక్ష మాత్రం వద్దు, బయటికొచ్చే పెట్రోలు ఆవిరి భగ్గుమంటుంది. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, అప్పుడు సగం చోక్ తప్పు కాదు.

ఇంకో సంగతి. కార్బ్యురేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఒక మందపాటి ఇన్సులేటర్ ముక్క ఉంటుంది. వేడిని ఆపేది అదే. ఇంతకుముందు విప్పినాయన దాన్ని పక్కన పెట్టి మరిచిపోయిన మిషన్లు నా దగ్గరికి రెండు వచ్చాయి.

అపోహ: నీళ్లు చల్లితే సరి.

కాలుతున్న సిలిండర్ మీద నీళ్లు పోస్తే లోహం ఒక్కసారిగా ముడుచుకుని పగిలే ప్రమాదం ఉంది. అసలు అంత వేడి ఎందుకవుతోందో చూడండి. పై కవర్ విప్పితే ఫిన్స్ (సిలిండర్‌ను చల్లబరిచే రేకులు) మధ్య ఎండుగడ్డి, దుమ్ము, ఆయిల్ కలిసి పిడకలా అట్టకట్టి ఉంటుంది. వెదురు పుల్లతో గీకితే వచ్చేస్తుంది.

అపోహ: స్పార్క్, పెట్రోలు ఉంటే ఇంజన్ స్టార్టయి తీరాలి.

సిలిండర్‌లో గాలి, పెట్రోలు నొక్కుకునే కంప్రెషన్ మాటేమిటి? వాడేకొద్దీ వాల్వ్ తన సీటులోకి దిగి, క్లియరెన్స్ (వాల్వ్ కాడకు, దాన్ని నొక్కే మీటకు మధ్య సందు) తగ్గిపోతుంది. అలాంటప్పుడు వేడికి ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ సాగితే పూర్తిగా మూసుకోదు. తాడు లాగితే చేతికి బరువు తగలదు, తేలిగ్గా వచ్చేస్తుంది. చాలా మోడళ్లలో ఈ సందు ఇన్‌టేక్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీ మాన్యువల్‌లో అంకె చూసి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవాలి.

అపోహ: పెట్రోల్ ట్యాంక్ మూతదేముంది?

మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ ఏర్పడి పెట్రోలు దిగదు. ఆగిపోగానే మూత వదులు చేయండి. సుయ్‌మని గాలి పీల్చుకుని, కాసేపటికి స్టార్టయితే దొంగ దొరికినట్టే. ఇంజన్ వేడిగా ఉండగా పెట్రోలు మాత్రం పోయొద్దు.

మిషన్ తెచ్చే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి చాలు: ఆగాక ఎన్ని నిమిషాలకు మళ్లీ స్టార్టయింది, వేడి మీద ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, తాడు లాగితే బరువు తగిలిందా లేదా. ఆటో కిరాయి మిగిలినా మిగులుతుంది.