జబ్బు రాకముందే తలుపు తట్టిన డాక్టర్లు

ఏళ్ల తరబడి ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి ప్రజారోగ్యం వైపు వెళ్లినవాళ్లని "ప్రాక్టీసు మానేశారా?" అని అడుగుతుంటారు. ఈ రెండూ వేరువేరు ఉద్యోగాలన్న ఆలోచన మరీ పాతదేం కాదు. అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యానికి విడిగా స్కూలు పెట్టారు. ఆ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది. మనిషిని చూసే డాక్టరు ఒకవైపు, ఊరిని చూసే డాక్టరు ఇంకోవైపు అయిపోయారు.

ఆ గీతని పట్టించుకోని వాళ్లలో విలియం పికిల్స్ ఒకరు. ఇంగ్లండులో యార్క్‌షైర్ పల్లెల డాక్టరు. తన కంటబడిన అంటువ్యాధి కేసులన్నీ తేదీలతో సహా రాసిపెట్టుకునేవారు. 1929లో ఆయన పనిచేసే లోయలో కామెర్లు వ్యాపించాయి. పొద్దున జబ్బుతో మంచం మీద ఉండగా ఆయన చూసొచ్చిన పనిపిల్ల మధ్యాహ్నానికల్లా లేచి ఊరి సంబరానికి వెళ్లిందట. ఆమె నుంచి ఎవరికి, ఎన్నాళ్లకి అంటుకుందో ఇల్లిల్లూ తెలిసిన మనిషి కాబట్టే కూపీ లాగగలిగారు. కామెర్లు సోకాక లక్షణాలు బయటపడటానికి దాదాపు నాలుగు వారాలు పడుతుందని అలాగే తేల్చారు.

నాకు ఇంకా ఇష్టమైన మనిషి జూలియన్ ట్యూడర్ హార్ట్. 1961లో వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని ఊరికి వెళ్లారు. బీపీ పెరిగినా నొప్పి తెలియదు, కాబట్టి మనిషి డాక్టరు దగ్గరికి రాడు. అందుకే ఆయన దగ్గుకో, నడుం నొప్పికో వచ్చినవాళ్లకి కూడా బీపీ చూసేవారు, రానివాళ్లని వెతికి పట్టుకునేవారు. పాతికేళ్ల లెక్కలు 1991లో అచ్చయ్యాయి. 65 ఏళ్లలోపు చావులు పక్క ఊరితో పోలిస్తే 28 శాతం తక్కువ! అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిందీ ఆయనే.

లండన్ డాక్టర్ల దగ్గరికొచ్చే సిగరెట్ తాగేవాళ్ల మీద చేసి, 1979లో అచ్చేసిన అధ్యయనం కూడా చెప్పుకోవాలి. సిగరెట్ మానమని ఒకటి రెండు నిమిషాలు చెప్పి, కరపత్రం చేతిలో పెట్టి, మళ్లీ అడుగుతామన్నారు. మొదటి నెలలోనే మానేసి, ఏడాది తిరిగినా మళ్లీ ముట్టనివాళ్లు 5.1 శాతం. ఏమీ చెప్పనివాళ్లలో 0.3 శాతమే. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, ప్రతి డాక్టరూ అలా చెబితే ఎన్ని వేలమందో!

1978లో ప్రపంచ దేశాలు ఆల్మా ఆటా నగరంలో కలిసి చేసిన ప్రకటన నివారణను ప్రాథమిక వైద్యంలో భాగం చేసింది. అయినా చాలాచోట్ల డాక్టరుకి డబ్బొచ్చేది రోగి వచ్చి ఎదురుగా కూర్చుంటేనే. రానివాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసిన గంటకి బిల్లు వేసే గడి అలాంటిచోట్ల ఫారంలో కనబడదు.