నడకకు ముహూర్తం పెట్టేది సముద్రమే

ఉత్తరార్ధగోళంలో జులై నుంచి అక్టోబరు దాకా తీరపక్షులు గుంపులుగా దక్షిణానికి సాగుతాయి. వాటిని చూపించడానికి పదిమందిని తీసుకెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది గడియారం కాదు, ఆటుపోట్ల పట్టిక. నీరు తీసినప్పుడు పక్షులు బురద మేటల నిండా చెదిరి మేస్తుంటాయి. స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శిని) పెట్టినా చుక్కలే కనిపిస్తాయి. నీరు ఎక్కేకొద్దీ అవి ఒడ్డుకు జరుగుతూ, చివరకు ఏదో ఒక దిబ్బ మీద చేరతాయి. అందుకే పూర్తి పోటుకు రెండు గంటల ముందే అక్కడుండాలి. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పోయిన ఆదివారం కుదిరిన వేళ ఈ ఆదివారం కుదరదు. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరగా నీరు మరింత ఎక్కుతుంది. దిబ్బ మునిగితే పక్షులు వేరేచోటికి పోతాయి. మీ వెనకున్న పాయ నిండితే మాత్రం తిరిగి రావడమే కష్టం. వెళ్లే దారి కంటే వచ్చే దారిని ముందు చూసుకోవాలి.

సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడాలి. బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. ఎండెక్కాక ఇసుక మీద గాలి అలలాడుతుంటే స్కోప్‌ను 60 రెట్లకు తిప్పి లాభం లేదు, బొమ్మ ఇంకా చెదురుతుంది. 20–30 దగ్గరే ఉంచాలి.

కొత్తవాళ్లు రంగుతో మొదలుపెట్టి తికమకపడతారు. ఈ కాలంలో చాలా పక్షులు ఈకలు మారుస్తుంటాయి కాబట్టి రంగును నమ్మలేం. మేత తీరు చూడాలి. ప్లోవర్ కళ్లతో వెతికే పక్షి: నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చటుక్కున పొడుస్తుంది. శాండ్‌పైపర్ జాతుల్లో చాలావాటికి ముక్కు కొసే వేలు. బురదలో గుచ్చి తడిమి పట్టుకుంటాయి. అల వెంట పరుగెత్తి, అల రాగానే వెనక్కి ఉరికే తెల్లటి చిన్న పిట్ట శాండర్లింగ్. దాని కాలికి వెనక వేలు ఉండదు. చాలా జాతుల్లో పెద్దవి ముందు బయల్దేరతాయి, పిల్లలు తర్వాత. అరగని ఈకలకు లేత అంచులు వరసగా కనిపిస్తే అది ఈ ఏడాది పిల్లే.

2022 అక్టోబరులో అయిదు నెలల వయసున్న బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే తీరపక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు సుమారు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఆగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణానికి ఇంధనం ఒంట్లోని కొవ్వే. ఫొటో కోసం గుంపును ఒకసారి లేపితే ఆ నిల్వలో కొంత ఖర్చయినట్టే. ఒంటికాలి మీద నిద్రపోతున్నవి తలలెత్తితే అక్కడే ఆగాలి; నడిచి జరగడం మొదలుపెడితే వెనక్కి తగ్గాలి. అవి లేచాక తగ్గితే ప్రయోజనం లేదు.

పక్షిని గుర్తుపట్టడానికి పరిశోధకులు కాలికి వేసిన రంగు పట్టీ కనిపిస్తే ఏ కాలు, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు అన్నవి వెంటనే రాసుకోవాలి. ఎడమ, కుడి పక్షివి, చూసేవాళ్లవి కావు. అక్షరం సరిగా కనపడకపోతే ఊహించకుండా ఖాళీ వదిలేయాలి. లేకపోతే ఆ వివరం మరో పక్షి లెక్కలో చేరిపోతుంది.