తొట్టిలో ఇరుగుపొరుగు

చెన్నై పెరంబూరులో మేముంటున్న ఇంటికి మూడు రకాల నీరు వస్తుంది. మెట్రో వాటర్ కుళాయి తెల్లవారుజామున కాసేపు వస్తుంది, బోరు నీరు రోజంతా ఉంటుంది, ఎండాకాలంలో ఈ రెండూ చాలనప్పుడు లారీ నీరు తెప్పించుకుంటాం. వీటిలో ఏది తాగడానికి, ఏది పప్పు ఉడకడానికి, ఏది బట్టలకు పనికొస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. చేపల తొట్టిలో ఏది పోయాలో, ఆ నీటిలో ఏయే చేపలు కలిసి బతుకుతాయో తెలుసుకోవడానికి మాత్రం నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ నేర్చుకోవడంలో కొన్ని చేపల ప్రాణాలు కూడా పోయాయి.

మాకు దగ్గరలోనే ఉన్న కొళత్తూరు అలంకార చేపల పెంపకానికీ అమ్మకానికీ పేరుపడ్డ చోటు. ఆదివారం నాడు అక్కడి దుకాణాల ముందు నిలబడితే కొనేవాళ్ళ నోట ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తుంది: "ఈ రెండూ కొట్టుకోవు కదండీ?" ప్రశ్న మంచిదే. అయితే దానికంటే ముందు అడగవలసినవి రెండున్నాయని నా అభిప్రాయం. ఈ రెండు చేపలకూ ఒకే నీరు సరిపడుతుందా? పూర్తిగా పెరిగాక వీటిలో ఒకదాని నోట్లో రెండోది పడుతుందా? స్వభావం సంగతి ఆ తరువాతిది.

మంచినీటి చేప ఒంట్లోని ద్రవాలు దాని చుట్టూ ఉన్న నీటికంటే ఉప్పనివి. అందువల్ల ద్రవాభిసరణ మూలంగా నీరు మొప్పల గుండా నిరంతరం లోపలికి చొరబడుతూ ఉంటుంది, ఒంట్లోని లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. చేప మూత్రపిండాలు ఆ నీటిని పలచని మూత్రంగా తోడి పోస్తుంటే, మొప్పల్లోని ప్రత్యేక కణాలు పోయిన లవణాలను నీటి నుంచి తిరిగి పీల్చుకుంటాయి. క్షణం విరామం లేని ఈ పని ప్రతి జాతిలోనూ తన పుట్టింటి నీటికి తగ్గట్టు కుదురుకుంది. సరిపడని నీటిలో వేసిన చేప వెంటనే చనిపోకపోవచ్చు; కానీ శక్తి అంతా ఈ తోడిపోతలోనే ఖర్చయి, రంగు తగ్గి, చిన్న రోగానికే లొంగిపోతుంది. చాలామంది దాన్ని పక్క చేప వేధింపుగా పొరబడతారు.

నియాన్ టెట్రా అనే చిన్న చేపకు 1936లో శాస్త్రీయ నామం పెట్టారు. దాని పుట్టిల్లు అమెజాన్ ఎగువ ప్రాంతంలోని అడవి వాగులు. రాలిన ఆకులు నాని టీ రంగుకు తిరిగే అలాంటి నీటిలో సున్నం అతి స్వల్పం, పీహెచ్ 7కంటే తక్కువ, అంటే నీరు కాస్త ఆమ్లగుణం కలది. మోలీ చేపల సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. వాటిలో కొన్ని సముద్రపు ఉప్పు కలిసే నదీముఖాల్లో కూడా తిరుగుతాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ చేపలకు పీహెచ్ 8 చుట్టుపక్కల ఉండే కఠిన జలం, అంటే సున్నం వంటి ఖనిజాలు ఎక్కువగా కరిగిన నీరు కావాలి. ఈ మూడూ దుకాణంలో పక్కపక్క తొట్లలో కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోనూ కలిసి ఉండగలవనిపిస్తుంది. ఇప్పుడు అమ్మే నియాన్లలో ఎక్కువభాగం పెంపకంలో పుట్టినవే కనుక కొంత కఠినమైన నీటిని ఓర్చుకుంటాయి. ఆ ఓర్పుకు హద్దుంది, మా బోరు నీరు ఆ హద్దుకు అవతలే ఉంది.

చెన్నైలో ఇంకో చిక్కుంది. కండలేరు నుంచి పూండి జలాశయానికి తెలుగు గంగ కాలువ తెచ్చే కృష్ణ నీరు, వీరాణం చెరువు నీరు, మీంజూరు, నెమ్మేలిలలో శుద్ధి చేసిన సముద్రపు నీరు అన్నీ ఈ నగరం దాహం తీరుస్తున్నవే కనుక, కుళాయి నీటి గుణం ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందని అనుకోకూడదు. నిలకడ లేని చోట సున్నితమైన జాతులను ఏరుకోవడం కంటే గప్పీ, ప్లాటీ, మోలీల వంటి కఠిన జలానికి అలవాటుపడ్డ కుటుంబాన్ని ఎంచుకోవడం చేపలకూ మనకూ మేలు.

వేడి సంగతి కూడా నీటి సంగతే. మే నెలలో మా హాలులోని తొట్టి నీరు 31 డిగ్రీలు దాటుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీరు 7.5 మాత్రమే పట్టి ఉంచుతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా తీరు ఇంకా కఠినం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు, పీహెచ్ 8 అయితే అది ఏడు వంతులు దాటుతుంది. చల్లని నీటిని కోరే గోల్డ్ ఫిష్, బాగా వెచ్చని నీటిని కోరే డిస్కస్ ఒకే తొట్టిలో ఉంటే రెండింటిలో ఒకటి ఎప్పుడూ బాధపడుతూనే ఉంటుంది. పైగా గోల్డ్ ఫిష్ తిండిపోతు, దాని వ్యర్థాలు ఎక్కువ. దానికి సరైన తోడు మరో గోల్డ్ ఫిష్షే.

ఇక నోటి కొలత. ఐదేళ్ళ కిందట పది నియాన్లను, రూపాయి బిళ్ళంత ఏంజెల్ చేపలు నాలుగింటిని ఒకే రోజున కొన్నాను. రెండూ అమెజాన్ చేపలే, రెండూ మెత్తనివే అని అమ్మిన ఆయన చెప్పిన మాట అబద్ధం కాదు. ఉగాదికి తెచ్చినవి దీపావళి నాటికి నాలుగు నియాన్లే మిగిలాయి. చనిపోయిన చేప ఒక్కటీ తొట్టిలో దొరకలేదు. నియాన్లు రాత్రిపూట రంగు వెలిసిపోయి, కదలకుండా నిలిచి విశ్రమిస్తాయి. అప్పటికి అరచేయంత అయిన ఏంజెళ్ళకు అవి నోటికి అందిన తిండి. అందులో పగ లేదు, దౌర్జన్యమూ లేదు. తప్పు నాది. బిళ్ళంత చేపను చూసి కొన్నానే గాని, అది ఎంత అవుతుందో అడగలేదు.

ఎదుగుదల విషయంలో అందరూ మోసపోయేది సక్కర్ చేపతో. పాచి తింటుందని వేలెడంత పిల్లను తెచ్చుకుంటారు. సాధారణ సక్కర్ 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. పొడవు పదింతలైతే బరువు పదింతలు కాదు, సుమారు వెయ్యింతలు; దాంతోపాటే వ్యర్థాలూ ఎన్నో రెట్లు పెరుగుతాయి. అంతేకాక పెద్దదయ్యాక అది రాత్రివేళ ఏంజెల్, గోల్డ్ ఫిష్‌ల ఒంటికి అతుక్కొని పైజిగురును గీరి తినడం కద్దు. అప్పుడు విసిగి దాన్ని చెరువులో వదిలేవారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, ఆ పని చేయవద్దు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప ఇప్పటికే మన చెరువుల్లో స్థిరపడి, మన చేపలకు చోటు లేకుండా చేస్తోంది, జాలర్ల వలలు చింపుతోంది.

నీరూ కొలతా కుదిరాక స్వభావం. ఇక్కడ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన సంగతి, చాలా చేపలకు మొట్టమొదట కావలసిన తోడు తన జాతివాళ్ళేనన్నది. 1938లో జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక వింతను వివరించాడు: గాయపడిన మినో చేప చర్మం నుంచి వెలువడే ఒక రసాయనం నీటిలో వ్యాపించగానే గుంపులోని మిగతావి బెదిరి దగ్గరగా చేరతాయి. గుంపు వాటికి కన్ను, ముక్కు, కోట. టెట్రాలు, డేనియోలు, కోరిడోరాస్‌లు వంటి గుంపు చేపలను రెండేసి తెచ్చి "జత"గా వేస్తే మూలల్లో దాక్కుంటాయి. ఆరు, వీలైతే పది ఉంటే నడుమకు వచ్చి ఈదుతాయి. టైగర్ బార్బ్‌కు రౌడీ అన్న పేరొచ్చింది కూడా చాలావరకు ఇందుకే. ఎనిమిది పది కలిసి ఉంటే పెద్దరికం తగవులు వాటిలో వాటికే సరిపోతాయి. రెండో మూడో ఉంటే పక్కవాటి రెక్కలు కొరుకుతాయి. అయినా పొడవాటి రెక్కల ఏంజెల్‌తో వాటిని కలపమని నేను చెప్పను.

ఫైటర్ మగచేప దీనికి పూర్తిగా విరుద్ధం. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పందేనికి పుంజును పెంచినట్టే సియాంలో (నేటి థాయ్‌లాండ్) తరతరాలుగా పోరుకోసం ఎంచి పెంచిన జాతి అది. మరో మగఫైటర్‌ను చూస్తే ఊరుకోదు; రంగు తోకలున్న గప్పీ మగవాటి మీద కూడా విరుచుకుపడవచ్చు. దానికి ఏకాంతమే సుఖం.

హద్దులు గీసుకునే సిక్లిడ్లను అన్నిటికంటే చివర వేయాలి, వేసేముందు రాళ్ళు, మొక్కలు అటూఇటూ జరపాలి. పాత కాపురస్తుల సరిహద్దులు చెరిగిపోతే కొత్తదానికి చోటు దొరుకుతుంది. ఏ కొత్త చేపనైనా రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడటం తప్పనిసరి.

ఇప్పుడు మా 130 లీటర్ల తొట్టిలో పది జీబ్రా డేనియోలు, ఆరు ప్లాటీలు ఉన్నాయి. ఏంజెళ్ళు నెల్లూరు నుంచి వచ్చి విల్లివాక్కంలో స్థిరపడిన మా పిన్నిగారి అబ్బాయి ఇంట్లో, పెద్ద తొట్టిలో ఉన్నాయి. కొళత్తూరు వెళ్ళేటప్పుడు ఒక సీసాలో మా కుళాయి నీరు పట్టుకెళ్ళి, ఈ చేపపిల్ల ఏ నీటిలో పెరిగిందని అడుగుతాను. మొన్న ఒకాయన నా సీసా నీటిని పరీక్షించి చూసి, నేను చెయ్యిపెట్టిన నియాన్ల తొట్టి మీద మూత పెట్టేసి, పక్క వరుసలోని ప్లాటీలను చూపించాడు.