ఎమ్‌ఎక్స్ రికార్డుల తనిఖీ స్క్రిప్టులు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మెయిల్ సర్వర్ల నిర్వహణ చూసే మా తెలుగు బృందంలోకి కొత్తగా వచ్చినవారు రాసే తొలి స్క్రిప్టు సాధారణంగా డొమైన్ల జాబితా తీసుకుని, ఒక్కొక్కదాని ఎమ్‌ఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిల్‌ను ఏ సర్వర్ అందుకోవాలో చెప్పేది) కోసం నాలుగైదు నేమ్ సర్వర్లను (డొమైన్ రికార్డులు అడిగితే చెప్పే సర్వర్లను) అడిగి, వచ్చిన జవాబులను పోల్చి చూస్తుంది. ఆలోచన మంచిదే. ఎవరిని అడుగుతున్నాం, జవాబును ఎలా చదువుతున్నాం అన్నచోటే చిక్కు వస్తోంది.

అపోహ: 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9 అనే పబ్లిక్ నేమ్ సర్వర్లు మూడూ ఒకే జవాబు ఇస్తే రికార్డు సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: ఇవి ఎక్కడో అడిగి తెచ్చుకున్న జవాబును టీటీఎల్ (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే సంఖ్య) గడువు తీరేదాకా దాచుకుని ఇచ్చే రిజాల్వర్లు. టీటీఎల్ 86400 సెకన్లయితే, ఈ ఉదయం మార్చిన రికార్డు రేపు ఉదయం దాకా మూడింట్లోనూ పాతదిగానే కనబడవచ్చు. ఒకే ఆఫీసు నుంచి 8.8.8.8ని వెంటవెంటనే అడిగినా మిగిలిన టీటీఎల్ వేర్వేరుగా రావచ్చు, ఎందుకంటే ఆ చిరునామా వెనక క్యాష్‌లు (జవాబులు దాచే చోట్లు) అనేకం. అందువల్ల స్క్రిప్టు ముందుగా డొమైన్ ఎన్‌ఎస్ రికార్డులు (ఆ డొమైన్ అసలు రికార్డులుండే అధికారిక సర్వర్ల పేర్లు) తెచ్చుకుని, వాటిలోని ప్రతి అధికారిక సర్వర్‌నూ రికర్షన్ లేకుండా (అంటే వేరే సర్వర్లను అడిగి తెమ్మనకుండా) నేరుగా అడగాలి. ఎస్‌ఓఏ (డొమైన్ నిర్వహణ వివరాల రికార్డు)లో ఉండే, రికార్డులు మార్చినప్పుడల్లా పెరిగే సీరియల్ సంఖ్యలను కూడా పక్కపక్కన పెడితే ఏ సెకండరీ సర్వర్ (ప్రధాన సర్వర్ నుంచి నకలు తీసుకునేది) వెనకబడిందో తెలిసిపోతుంది.

అపోహ: ఖాళీ జవాబు వచ్చిందంటే ఎమ్‌ఎక్స్ లేనట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. నేమ్ సర్వర్లను అడిగే డిగ్ కమాండ్‌ను ప్లస్ షార్ట్‌తో (జవాబును మాత్రమే క్లుప్తంగా చూపే ఆప్షన్‌తో) నడిపినప్పుడు, డొమైనే లేకపోయినా, డొమైన్ ఉండి ఎమ్‌ఎక్స్ లేకపోయినా, సర్వర్ సర్వ్‌ఫెయిల్ (జవాబు తేలేకపోయాను) అన్నా, రిఫ్యూజ్డ్ (జవాబివ్వను) అని తిప్పిపంపినా తెరమీద ఏమీ కనబడదు. పైగా ఈ నాలుగు సందర్భాల్లోనూ ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే ఫలిత సంఖ్య) విజయానికి గుర్తయిన 0 గానే ఉంటుంది కాబట్టి షెల్ స్క్రిప్టు అంతా సవ్యంగా జరిగిందనే అనుకుంటుంది. పూర్తి జవాబు తెప్పించుకుని, హెడర్‌లోని స్టేటస్ వరుసను చదివి, ఒక్కో స్థితిని వేరుగా నమోదు చేయాలి. ఎమ్‌ఎక్స్ నిజంగానే లేకపోయినా మెయిల్ ఆగిపోతుందని చెప్పలేం: మెయిల్ పంపే పద్ధతిని నిర్దేశించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం పంపే సర్వర్ ఆ డొమైన్ చిరునామా రికార్డునే (ఐపీ చిరునామా చెప్పే రికార్డునే) ఆశ్రయిస్తుంది. మెయిల్ అసలు వద్దనుకునే డొమైన్ తన ఎమ్‌ఎక్స్ రికార్డులో ప్రాధాన్య సంఖ్యగా 0, సర్వర్ పేరు స్థానంలో ఒక్క చుక్క పెట్టాలని 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7505 చెబుతోంది.

అపోహ: జవాబుల వరుస మారితే రికార్డు మారినట్టే.

వాస్తవం: సర్వర్లు వరుసను తిప్పి ఇవ్వడం మామూలే. పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చి, సార్ట్ చేశాకే పోల్చాలి.

అపోహ: కొత్త రికార్డు పెట్టకముందు స్క్రిప్టును ఎన్నిసార్లు నడిపినా నష్టం లేదు.

వాస్తవం: “లేదు” అన్న జవాబునూ రిజాల్వర్లు దాచుకుంటాయి, ఎంతసేపన్నది ఎస్‌ఓఏ రికార్డు నిర్ణయిస్తుంది. కనుక రికార్డు పెట్టేదాకా అధికారిక సర్వర్లను మాత్రమే అడిగి, పబ్లిక్ రిజాల్వర్ల తనిఖీని ఆ తర్వాతే మొదలుపెట్టాలి.