మునిగిన దీవి ఇసుకతో మునుగుతున్న దీవికి ఊపిరి

అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి దక్షిణపు కొసన, మెక్సికో సింధుశాఖలో, ఐల్ డెర్నియేర్ అనే దీవుల వరస ఉంది. 1856లో అది ఒకటే దీవి. లూసియానా సంపన్నులు వేసవిలో కుటుంబాలతో వచ్చి గడిపే విహారస్థలం. ఆ ఏడాది ఆగస్టు 10న వచ్చిన తుఫాను అక్కడి ఇళ్లనూ హోటలునూ ఊడ్చిపారేసింది. రెండు వందల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. దీవికి గండి పడి రెండుగా చీలింది. ఆ ముక్కలు తర్వాతి తుఫానుల్లో మళ్లీ ముక్కలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి నాలుగింట మూడు వంతులకు పైగా నేల కడలిపాలైంది.

తీరానికి కాస్త ఎడంగా, దానికి సమాంతరంగా, సన్నగా పొడుగ్గా ఉండే ఇలాంటి ఇసుక దీవులను అవరోధ ద్వీపాలంటారు. తుఫాను అలల మొదటి దెబ్బ ఇవే కాస్తాయి. వెనకనున్న బురద నేలలూ, చేపలూ రొయ్యలూ పెరిగే ఉప్పునీటి కయ్యలూ, ఆ వెనకాల ఊళ్లూ వీటి చాటున బతుకుతుంటాయి. కాకినాడ ఎదుట గోదావరి ఇసుక మేటవేసిన హోప్ ఐలాండ్ మన ఓడరేవుకూ కోరంగి మడ అడవులకూ చేసేది ఇదే మేలు.

నిజానికి తుఫాను ఒక్కటే దీవిని చంపదు. అల దీవి మీదుగా పొర్లినప్పుడు ముందువైపు ఇసుకను ఎత్తి వెనకవైపు పోస్తుంది. అలా దీవి మెల్లగా ఒడ్డువైపు జరుగుతూ బతుకుతుంది. కానీ అందుకు రెండు కావాలి: కొత్త ఇసుక వస్తూ ఉండాలి, వెనక పోసిన ఇసుక నిలవడానికి నేల ఉండాలి. లూసియానాలో రెండూ లేవు. మిసిసిపీ నది వెయ్యేళ్లకో, పదిహేను వందల ఏళ్లకో దారి మార్చుకుని కొత్తచోట డెల్టా కట్టేది. వదిలేసిన పాత డెల్టా తన బరువుకే కుంగేది. అలలు దాన్ని జల్లెడ పట్టినట్టు పట్టి, బురదను కొట్టుకుపోనిచ్చి, ఇసుకను మిగిల్చేవి. ఆ ఇసుకే ముందు తీరపు కట్టగా, తర్వాత దీవిగా, చివరికి నీటి అడుగున తిప్పగా మారేది. ఇదంతా ప్రకృతి సహజమే. అయితే మనిషి నదికి కరకట్టలు కట్టాడు. ఒకప్పటి ప్రధాన పాయ బయూ లఫూర్ష్‌కు 1904లో నది దగ్గరే అడ్డుకట్ట వేశాడు. పాత డెల్టాలు కుంగడం మాత్రం ఆగలేదు, ఒండ్రు రావడం ఆగింది.

అందుకే ఇంజనీర్లు సముద్రంలోకి చూశారు. ఐల్ డెర్నియేర్‌కు ఇంకా దక్షిణాన షిప్ షోల్ అనే పెద్ద ఇసుక తిప్ప మునిగి ఉంది. పొడవు సుమారు 50 కిలోమీటర్లు, మీద నీళ్ల లోతు మూడు నుంచి తొమ్మిది మీటర్లు. ఏడు వేల ఏళ్ల కిందటి మిసిసిపీ డెల్టా అవశేషం అది. ఆ డెల్టా అంచున ఏర్పడి, మునిగిపోయిన అవరోధ ద్వీపమే ఈ తిప్ప. ఐల్ డెర్నియేర్‌కు రేపు పట్టబోయే గతి దానికి వేల ఏళ్ల కిందటే పట్టింది. ఇప్పుడు దాని ఇసుకతోనే ఐల్ డెర్నియేర్‌ను నిలబెడుతున్నారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పటి నుంచి నా మనసులోంచి పోలేదు.

ఏ ఇసుకైనా సరిపోదు. దీవి మీద ఉన్న రేణువుకన్నా తెచ్చిన రేణువు సన్నగా ఉంటే మొదటి చలికాలపు అలలకే సగం కొట్టుకుపోతుంది. బురద కలిస్తే ఒడ్డు దగ్గరి నీళ్లన్నీ మడ్డిమడ్డి అవుతాయి. అందుకే ముందు తిప్పలోకి గొట్టాలు దించి, నిలువునా ఇసుక స్తంభాలు పైకి తీసి, జల్లించి, ఏ లోతున ఏ రేణువు ఉందో లెక్క కడతారు. షిప్ షోల్‌ది సన్నని శుభ్రమైన క్వార్ట్జ్ ఇసుక. ఆ తీరానికి అది అతుకుతుంది.

దీన్ని మొదట వాడింది లూసియానా తీరంలోనే ఉన్న కామినాడా హెడ్‌ల్యాండ్‌లో. ఏడాదికి పది మీటర్లకు పైగా కోసుకుపోతున్న తీరం అది. దాని వెనకే సముద్రపు చమురు రంగానికి ఆయువుపట్టైన పోర్ట్ ఫోర్షాన్ ఉంది. తిప్ప మీద నిలిచిన డ్రెడ్జర్ ఇసుకను తవ్వి నీళ్లతో కలిపి పీల్చి బల్లకట్టుల్లో నింపేది. టగ్గులు వాటిని నలభై కిలోమీటర్లకు పైగా లాక్కొచ్చేవి. ఒడ్డు దగ్గర మళ్లీ నీళ్లు కలిపి పైపుల్లోకి తోడేవారు. పైపు కొసనుంచి బూడిదరంగు జావ ఎగజిమ్మి, నీళ్లు జారిపోయి, ఇసుక మేటవేసేది. బుల్డోజర్లు దాన్ని దిబ్బగా సర్దేవి. (విశాఖ ఓడరేవు అడ్డుకట్టల దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్ తెచ్చి ఆర్కే బీచ్‌లో పోయడం చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు.) 2013 నుంచి 2016 దాకా రెండు విడతల్లో సుమారు 67 లక్షల ఘనపు మీటర్ల ఇసుక పోసి, 21 కిలోమీటర్ల తీరం తిరిగి కట్టారు. ఖర్చు 20 కోట్ల డాలర్ల పైమాటే. ఐల్ డెర్నియేర్ ముక్కల్లో ఒకటైన విస్కీ ఐలాండ్‌కు 2018 నాటికి ఇంకో 80 లక్షల ఘనపు మీటర్ల దాకా చేరింది. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి చమురు ఒలికినందుకు బీపీ కంపెనీ కట్టిన సొమ్ముతోనే ఆ పని జరిగింది.

దిబ్బ ఎత్తు రెండు మీటర్ల పైచిలుకే. ఇంకా ఎత్తుగా కట్టొచ్చు కదా అనిపిస్తుంది. మరీ ఎత్తైతే అల దాటదు, వెనకవైపుకు ఇసుక అందదు, దీవి జరగలేక నిలుచున్నచోటే అరిగిపోతుంది. పొర్లనివ్వాలి, కానీ తెగనివ్వకూడదు. ఆ కొలత పట్టుకోవడంలోనే వీళ్ల నేర్పంతా ఉంది. దిబ్బ మీద సీ ఓట్స్ లాంటి గడ్డి నాటి, కర్ర కంచెలు పాతితే గాలికి ఎగిరే ఇసుక అక్కడే ఆగుతుంది. వెనక బురద నేలను కూడా పెంచకపోతే, పొర్లిన ఇసుక లోతు నీళ్లలో పడి మనకు దక్కకుండా పోతుంది. 2021 ఆగస్టు 29న ఐడా తుఫాను గంటకు 240 కిలోమీటర్ల గాలులతో సరిగ్గా పోర్ట్ ఫోర్షాన్ దగ్గరే తీరం దాటింది. అంత దెబ్బకు పోసిన ఇసుక పోసినచోట ఉంటుందని ఎవరూ అనుకోరు. అది ఎంత కదిలిందన్నది కాదు, దీవి పరిధిలోనే ఉందా అన్నదే చూడాలి.

ఇది శాశ్వత చికిత్స కాదు. నేల కుంగుతూనే ఉంటుంది, సముద్ర మట్టం పెరుగుతూనే ఉంటుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ పోయాలి. అయినా చేయాల్సిన పనే అంటాను. బ్రౌన్ పెలికాన్లు గూళ్లు కట్టేది ఇలాంటి దీవుల మీదే. ఒకప్పుడు పురుగుమందుల దెబ్బకు లూసియానాలో పూర్తిగా కనుమరుగై, మళ్లీ తెచ్చి వదిలితే నిలదొక్కుకున్న పక్షి అది.

కానీ షిప్ షోల్ కూడా ఉత్త ఇసుక గుట్ట కాదు. చుట్టుపక్కల నీటి అడుగున వేసవిలో ఆక్సిజన్ అడుగంటినప్పుడు, తిప్ప మీది నీళ్లు జీవాలకు ఆశ్రయమిస్తాయి. నీలి పీతలు గుడ్లు పెట్టడానికి పెద్దఎత్తున అక్కడికే చేరతాయి. పైగా పోయే ఇసుకకు బదులు ఇసుక రాదు. ఆ నది ఇటు రావడం మానేసి వేల ఏళ్లయింది. కాబట్టి ఎక్కడ, ఎంత లోతున, ఎంత తవ్వాలో పీతల లెక్క కూడా చూసుకునే తేల్చాలి.

ఉన్న ఇసుకలోనూ కొంత చేతికందదు. తిప్పకు అడ్డంగా చమురు, గ్యాస్ పైపులు పోతున్నాయి. అవి పగిలే ప్రమాదం ఉంది కనుక ఇరువైపులా ఎడం వదిలి తవ్వాలి. పని అయిపోయిన పైపులను శుభ్రం చేసి, మూతి బిగించి, అడుగునే వదిలేయడానికి కంపెనీలకు అనుమతి దొరుకుతుంటుంది. మామూలు చోట్ల సరే. తీరం కట్టడానికి పనికొచ్చే ఇసుక ఉన్నచోట మాత్రం, ఆ పైపులు వేసిన కంపెనీల ఖర్చుతోనే వాటిని పైకి తీయించాలి.