చదివింది రాయించాలి, రాసింది చదివించాలి

చదవడానికో పీరియడ్, రాయడానికో పీరియడ్ అని విడదీస్తే పిల్లలకు నష్టమే ఎక్కువ. అక్షరాలు, వాటి ధ్వనులు, పదాలు, వాక్యాల తీరు రెండింటికీ కావాలి. ఒకచోట గట్టిపడింది రెండోచోట పనికొస్తుంది.

అయితే రాయడం కాస్త కష్టం. చదివేటప్పుడు పదం కళ్లెదుటే ఉంటుంది, గుర్తుపడితే చాలు. రాసేటప్పుడు దాన్ని మనసులోంచి తీసుకురావాలి. బొమ్మ చూసో, మొదటి అక్షరం పట్టుకునో ‘పుస్తకం’ అని చదివేసిన పిల్లవాడు డిక్టేషన్‌లో ‘పుసకం’ అని రాశాడంటే, తకారపు ఒత్తు అతని కంటికి ఆనడం లేదన్నమాట. ఆ పదాన్ని నెమ్మదిగా పలికించి, మళ్లీ రాయించి, రాసినదాన్ని వెంటనే చదివించాలి. తప్పు చుట్టూ సున్నా చుట్టి వదిలేస్తే ఏమీ మారదు.

కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే పరిశోధకులు 2012లో ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల మెదడును స్కాన్ చేశారు. చూసి సొంతంగా చేత్తో రాసిన అక్షరాలు మళ్లీ కనిపించినప్పుడు, చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు స్పందించాయి. టైప్ చేసినవాటికి, చుక్కల గీతల మీద దిద్దినవాటికి అలా స్పందించలేదు. చిన్న అధ్యయనమే, కానీ దిద్దించడంతోనే ఆగిపోకూడదని చెప్పడానికి అది చాలు.

బోర్డు మీది జవాబును నోట్సులోకి ఎక్కించడాన్ని నేను రాయడం కింద లెక్కవేయను. చెయ్యి కదులుతుంది, ఆలోచన కదలదు. చదివిన పాఠం గురించి సొంత మాటల్లో రాసినప్పుడు అది మరింత బాగా అర్థమవుతుందని, ఎన్నో అధ్యయనాలను కలిపి పరిశీలించిన స్టీవ్ గ్రాహం, మైకేల్ హెబర్ట్ 2010లో తేల్చారు.

మూడో తరగతి నుంచి ఇలా చేయించవచ్చు. పది పన్నెండు వాక్యాల పేరా చదివించి, పుస్తకం మూయించి, రెండే వాక్యాల్లో సారం రాయమనాలి. పుస్తకం తెరిచి ఉంటే మొదటి వాక్యం, చివరి వాక్యం దించేస్తారు. రాశాక తెరిచి పోల్చుకోమనాలి, వదిలేసిన ముఖ్యాంశాన్ని వేరే రంగు పెన్సిల్‌తో చేర్చమనాలి. అంతా ముఖ్యమే అనుకునే పిల్లలను ‘ఈ వాక్యం తీసేస్తే విషయం పోతుందా?’ అని అడగాలి.

వాక్యాలు కలపడం నాకు అన్నిటికన్నా విలువైన పనిగా తోస్తుంది. ‘పిచ్చుక గింజలు ఏరుకుంటోంది. అది పిల్లిని చూసింది. అది ఎగిరిపోయింది.’ ఈ మూడింటినీ కలిపితే ‘గింజలు ఏరుకుంటున్న పిచ్చుక పిల్లిని చూసి ఎగిరిపోయింది’ అవుతుంది. ఇలాంటి పొడుగు వాక్యం పాఠంలో ఎదురైతే, ఎవరు ఏం చేశారో తెలియక చాలామంది తడబడతారు. తన చేత్తో కలిపిన పిల్లకు ఏ పని ఎవరిదో తెలుసు. ఒక వాక్యాన్ని విడగొట్టే పని కూడా ఇవ్వండి.

ఒకటి, రెండు తరగతుల్లో అక్షరం రాయడానికే శ్రద్ధంతా ఖర్చవుతుంది, చెప్పాలనుకున్నది మధ్యలో జారిపోతుంది. అందుకే ముందు నోటితో చెప్పించి, ఒక్క వాక్యమే రాయించాలి. నేర్పిన గుణింతాల్లోని తప్పులే దిద్దాలి. పేజీ అంతా ఎర్రసిరా కనబడితే పిల్లలు తమకు కచ్చితంగా వచ్చిన పదాలతోనే సరిపెట్టుకుంటారు.

రాసినదాన్ని పక్కవాళ్లకు ఇచ్చి చదివించడం మరువకూడదు. ‘అది అక్కడికి వెళ్లింది’ అన్న వాక్యం దగ్గర ‘అది అంటే ఏది?’ అని స్నేహితురాలు అడిగితే, రాసిన పిల్ల పేరు చేర్చి దిద్దుకుంటుంది.

ఇంత చేసినా రాతతోనే చదువు వచ్చేయదు. అలాగే గడగడా చదివినా రాయలేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు రాత విడిగా నేర్పాల్సిందే.