బాపు సైకిలు, ఎర్ర కామెట్టు

హన్మకొండ

బిడ్డా,

మన వరంగల్ పక్కన మామునూరులో మళ్లీ విమానాలు దిగుతాయన్న ముచ్చట విన్నప్పటి నుంచి నీ ప్రశ్నలకు అంతు లేదు. మొన్న ఫోనులో అడిగినదానికైతే నాకు జవాబే తోచలేదు. "మంచిగ మార్చుకున్న విమానాన్ని మళ్లీ పాతదిగ ఎందుకు చేస్తరు తాతా, పని లేదా?" అన్నావు.

మా బాపు ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. మిల్లుకు పోయేముందు ఇంటింటికీ పాలు పోసేవాడు. అందుకని సైకిలుకు వెనక పెద్ద ఇనుప క్యారియర్ వేయించాడు, డైనమో పీకేశాడు. దసరా వస్తే చేతికి దొరికిన రంగు పూసేవాడు. కొన్ననాడు అది నల్లగా నిగనిగలాడేదని అమ్మ చెప్తే నేను నమ్మలేదు.

ఆ మిల్లు పెట్టిన 1934లోనే ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్ దాకా విమానాల పందెం జరిగింది. గెలిచింది డి హావిలాండ్ కామెట్ అనే ఎర్ర విమానం. చెక్కతో చేసిందే! స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు సుమారు 71 గంటల్లో చేరారు. నడుమ మన అలహాబాదులోనూ దిగారు. దాని పంకాలకు ఎగిరేముందు సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు, తెలుసా? వేగం అందుకోగానే ఎదురుగాలి ముందున్న బిళ్లను నొక్కేది, లోపలి గాలి బుస్సున పోయేది, పంకా రెక్కల వాలు దూరప్రయాణానికి తగ్గట్టు మారేది. ఆ వాలును మళ్లీ మునుపటిలా చేయాలంటే నేల మీదికి రావలసిందే.

పందెం అయ్యాక దాని బతుకూ బాపు సైకిల్ బతుకే. ఇంగ్లండు సర్కారు కొని వెండిరంగు వేసింది. దిగేటప్పుడు దెబ్బతింటే తుక్కు కింద అమ్మేసింది. కొన్నవాళ్లు వేరే ఇంజన్లు పెట్టి, లేతనీలం పూసి, పేరు మార్చి మళ్లీ పరుగు పెట్టించారు. యుద్ధమప్పుడు ఓ మూలన పడి ఉంది. 1951లో ఒక ప్రదర్శన కోసం మళ్లీ ఎర్రరంగు వేశారు. ఏండ్ల తరబడి బాగుచేసి 1987లో ఎగరేశారు.

మరి ఏది అసలు రూపం? ఎర్రదా, వెండిదా, నీలందా? బాగుచేసినవాళ్లు అది పందెం గెలిచిన నాటి రూపాన్నే ఎంచుకున్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి. చేశాను కూడా, పద్నాలుగేండ్లప్పుడు. బాపు డ్యూటీలో ఉండగా గరుకు కాగితం పట్టి సైకిలంతా గీకాను. నీలం పోయింది, ఆకుపచ్చ పోయింది, అడుగున నలుపు మెరిసింది. అమ్మ చెప్పింది నిజమే! సాయంత్రం బాపు వచ్చి చైన్‌కవర్ మీద వేలు రాసి చూశాడు. "ఈడ లెక్క ఉండె కదరా" అన్నాడు. పాలబాకీలన్నీ మేకుతో అక్కడే గీతలు పెట్టుకునేవాడట. ఆ నెల ఎవరెంత బాకీనో ఇప్పటికీ తేలలేదు.

అందుకే పని తెలిసినవాళ్లు విప్పేముందే ఫోటోలు తీసుకుంటారు, ముక్కముక్కకూ చీటీ కడతారు. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లకూ అట్లాగే అంకెలు వేసి విప్పారు, తిరిగి కట్టి 2024లో తెరిచారు.

సైకిలు అటక మీదే ఉంది. సీటు గొట్టం సందులో నా గరుకు కాగితం అందని చోటొకటి మిగిలింది. పండక్కి వచ్చినప్పుడు టార్చి వేసి చూడు, ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టి నాకు చెప్పు. గోరు మాత్రం పెట్టకు.

మీ తాత